పండ్ల వ్యాపారం, తెగుళ్ల ప్రయాణం: విస్తరణ దృష్టి పొలం గట్టు దాటాలి

తెగులు అనగానే మన ఆలోచన పొలంలోకి పోతుంది. ఏ ఆకుపై మచ్చ వచ్చింది, ఏ మందు ఎంత మోతాదులో కలపాలి, ఎన్ని రోజులకొకసారి పిచికారీ చేయాలి అన్న ప్రశ్నల చుట్టూనే మన బోధన, మన కరపత్రాలు, మన క్షేత్ర సందర్శనలు సాగుతున్నాయి. ఇది అవసరమే. అయితే గత రెండు మూడు దశాబ్దాలలో మన పండ్ల తోటలను నిజంగా కుంగదీసిన సమస్యలు ఆయా పొలాలలో పుట్టినవి కావు. అవి ఎక్కడి నుంచో లారీలో, బుట్టలో, సంచిలో, మొక్క వేళ్లకు అంటిన మట్టిలో వచ్చి చేరాయి. వచ్చిన తరువాత ఏమి చేయాలో చెప్పడంలో మనం ఆరితేరాం. రాకుండా ఏమి చేయాలో చెప్పడంలో మాత్రం ఇంకా ఓనమాల దశలోనే ఉన్నాం. ఈ లోటును గురించి విస్తరణ శాస్త్రవేత్తల ముందు, ముఖ్యంగా రేపు ఆ బాధ్యతలు చేపట్టబోయే విద్యార్థుల ముందు, కొన్ని అభిప్రాయాలు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దీనికి నేను ఎంచుకున్న ఉదాహరణ స్థలం అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలోని పూడిమడక. అది ప్రధానంగా మత్స్యకార గ్రామం. పండ్ల సాగుకు పేరుపడిన ఊరు కాదు, అక్కడ పెద్ద పండ్ల మార్కెట్టు కూడా లేదు. ఆ కారణంగానే దాన్ని ఎంచుకున్నాను. కడియం నర్సరీలను గురించో, రావులపాలెం అరటి మార్కెట్టును గురించో మాట్లాడితే ప్రమాదం అందరికీ కనబడుతుంది. దారి చివర ఉన్న ఊరికి కూడా ఆ ప్రమాదం ఏయే మార్గాలలో చేరగలదో చూసినప్పుడే దాని అసలు పరిధి అర్థమవుతుంది.

మూడు మార్గాలు

పండ్ల వ్యాపారం ద్వారా తెగుళ్లు, పురుగులు వ్యాపించే మార్గాలను మూడుగా విభజించి చూడడం మంచిది. మొదటిది పండు లోపలే ప్రయాణించేవి. మామిడిలో పండు ఈగ పిల్ల పురుగులు, టెంకలో దాగి ఉండే టెంక పురుగు, నిమ్మజాతి కాయలపై ఉండే గజ్జి తెగులు మచ్చలు ఈ కోవకు చెందుతాయి. రెండవది పండుతో పాటు ప్రయాణించేవి. గెలల మధ్య ఒత్తుకు సర్దిన ఆకులు, గంపల అడుగున పరచిన గడ్డి, ప్లాస్టిక్ పెట్టెలకు అంటిన మట్టి, లారీ చక్రాల బురద ఈ వర్గంలోకి వస్తాయి. మూడవది పండు ధర వెంట ప్రయాణించేవి. ఒక రకానికి మార్కెట్టులో గిరాకీ ఏర్పడగానే దాని పిలకలు, అంట్లు, నారు ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి పరుగెడతాయి. వాటితో తెగులు కూడా పరుగెడుతుంది.

ఈ మూడింటిలో మన నియంత్రణ వ్యవస్థ ఎక్కువగా శ్రద్ధ పెట్టినది మొదటిదానిపైన. అది కూడా ఎగుమతి కోసం. పండు ఈగల కారణంగా 2014 మే నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడి దిగుమతిని నిలిపివేసింది. ఆ నిషేధం 2015 జనవరిలో తొలగింది. ఈ లోగా ప్యాకింగ్ కేంద్రాల తనిఖీ, ఉష్ణ శుద్ధి, ధ్రువీకరణ వంటి అంశాలపై దేశమంతటా కదలిక వచ్చింది. అమెరికాకు మామిడి పంపేందుకు 2007 నుంచి కిరణ శుద్ధి తప్పనిసరి అయింది. దూరదేశపు కొనుగోలుదారు అడిగితే మనం ఇంత శ్రద్ధ వహించగలిగినప్పుడు, పక్క జిల్లా రైతు తోటను కాపాడడానికి అందులో పదో వంతు శ్రద్ధ ఎందుకు చూపడం లేదన్నది ఆలోచించవలసిన విషయం. పరాయివాని షరతు వల్ల నేర్చిన క్రమశిక్షణ మన సొంత మార్కెట్టు యార్డు గేటు దగ్గరే ఆగిపోయింది.

నా అభిప్రాయంలో మూడవ మార్గమే అన్నింటికంటే ప్రమాదకరమైనది, అన్నింటికంటే తక్కువ గమనింపునకు నోచుకున్నది. ధర ఎక్కడ పెరిగితే మొక్క అక్కడికి పోతుంది. మొక్క వెంట తెగులు పోతుంది. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుంటే గత అనుభవాలెన్నో అర్థమవుతాయి.

అనంతపురం దానిమ్మ చెప్పిన పాఠం

దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు మన దేశంలో 1952లోనే ఢిల్లీ ప్రాంతంలో నమోదైంది. అప్పటి నుంచి దాదాపు అర్ధ శతాబ్దం పాటు అది పెద్ద సమస్యగా భావింపబడలేదు. 2000 తరువాతి దశకంలో దానిమ్మకు మంచి ధర పలికింది, ఎగుమతి అవకాశాలు విస్తరించాయి, భగువా వంటి రకాలకు గిరాకీ పెరిగింది. మహారాష్ట్రలో తోటలు విస్తరించిన వేగానికి తగినన్ని ఆరోగ్యవంతమైన అంట్లు లేవు. దొరికిన తల్లి చెట్టు నుంచల్లా గాలి అంట్లు కట్టారు. తెగులు బయటికి కనబడని దశలో ఉన్న కొమ్మల నుంచి తీసిన అంట్లు రాష్ట్ర సరిహద్దులు దాటి అనంతపురం జిల్లాకు చేరాయి. కొద్ది సంవత్సరాలలోనే కాయలపై నూనె మచ్చలు, పగుళ్లు కనబడి, ఎందరో రైతులు ఎంతో ఖర్చుతో పెంచిన తోటలను తొలగించుకోవలసి వచ్చింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. అనంతపురం రైతు వాతావరణాన్ని తప్పుగా అంచనా వేయలేదు. పొడి వాతావరణం, బిందు సేద్యం, మంచి మార్కెట్టు అన్నీ దానిమ్మకు అనుకూలమే. లోపం ఆయన చేతికి వచ్చిన అంటులో ఉంది. అంటు కొనే సమయానికి దాని ఆరోగ్యాన్ని చెప్పగల మనిషి గాని, పత్రం గాని ఆయనకు అందుబాటులో లేదు. తోట వేసిన తరువాత మాత్రం పిచికారీ షెడ్యూళ్లు పుష్కలంగా అందాయి. సలహా సరైనదే అయినా అందవలసిన సమయం దాటిపోయింది.

మొక్క మారినా మార్గం మారని సందర్భం మరొకటి ఉంది. బెంగళూరు ప్రాంతంలో 2015లో బొప్పాయిపై నమోదైన ఒక కొత్త తామర పురుగు, 2021 నాటికి గుంటూరు తదితర ప్రాంతాలలో మిరప పూతను తుడిచిపెట్టింది. బొప్పాయి శాస్త్రవేత్త చూసిన పురుగు గురించి మిరప రైతుకు చెప్పే ఏర్పాటు మన వ్యవస్థలో లేకపోయింది. ఒక పంటలో కనబడిన హెచ్చరిక మరో పంటకు చేరాలంటే పంటల వారీగా గీసుకున్న మన విభాగాల గీతలు కొంత చెరగాలి.

అరటి: మన గుమ్మం ముందున్న ప్రమాదం

ఇప్పుడు మన ముందున్న అతి పెద్ద ప్రశ్న అరటిలో పనామా ఎండు తెగులుకు చెందిన ట్రాపికల్ రేస్ 4. ఫ్యుసేరియం ఆక్సిస్పోరం అనే శిలీంధ్రపు ఈ రూపం గ్రాండ్ నైన్, వామనకేళి వంటి కావెండిష్ వర్గపు రకాలను చంపుతుంది. పనామా తెగులు మనకు కొత్త కాదు. రేస్ 1 వల్ల అమృతపాణి తోటలు ఎండిపోవడం గోదావరి జిల్లాల రైతులకు చిరపరిచితమే. ఆ రేస్ 1 కారణంగానే 1950, 60 దశకాలలో మధ్య అమెరికాలో గ్రాస్ మిషెల్ అనే ఎగుమతి రకం వ్యాపార రంగం నుంచి తొలగిపోయి, దాని స్థానంలో కావెండిష్ వచ్చింది. ఏ రకాన్ని ప్రపంచం ఆశ్రయంగా ఎంచుకున్నదో, ఆ రకానికే ఇప్పుడు ముప్పు వచ్చింది.

ఈ శిలీంధ్రం ప్రయాణ క్రమాన్ని విద్యార్థులు శ్రద్ధగా చూడాలి. తైవాన్‌లో కావెండిష్ తోటలలో ఈ సమస్య 1960 దశకంలోనే బయటపడింది. 1990లలో ఇండోనేషియా, మలేషియాలలో కొత్తగా వేసిన వ్యాపార తోటలు దెబ్బతిన్నాయి. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో 1997లో, జోర్డాన్, మొజాంబిక్ దేశాలలో 2013లో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2015లో, కొలంబియాలో 2019లో, పెరూలో 2021లో ఇది నమోదైంది. మన దేశంలో బిహార్‌లోని కటిహార్, పూర్ణియా ప్రాంతాలలోను, ఉత్తరప్రదేశ్‌లోని ఫైజాబాద్ (ఇప్పటి అయోధ్య) ప్రాంతంలోను దీని ఉనికి 2010 దశకపు రెండవ అర్ధభాగంలో నిర్ధారణ అయింది. వేర్వేరు ఖండాలలో సేకరించిన నమూనాలను జన్యుపరంగా పరిశీలించినప్పుడు అవి దాదాపు ఒకే వంశానికి చెందినవని తేలింది. అంటే ఈ తెగులు ప్రతిచోటా విడివిడిగా పుట్టలేదు. ప్రయాణించింది. గాలి దీన్ని సముద్రాలు దాటించలేదు. మనిషి దాటించాడు.

ఎలా దాటించాడు? అరటి పండు దీనికి ముఖ్య వాహకం కాదన్న సంగతిని రైతులకు, వినియోగదారులకు స్పష్టంగా చెప్పాలి. శిలీంధ్రం వేళ్ల ద్వారా దుంపలోకి, అక్కడి నుంచి కాండపు నాళాలలోకి చేరుతుంది. పండు తినడం వల్ల మనిషికి ఏ హానీ లేదు. వ్యాప్తికి మూలం తెగులు సోకిన పిలకలు, మట్టి, నీటి పారుదల, పనిముట్లు, నరికి పడవేసిన కాండాలు. ఈ శిలీంధ్రం మందపు గోడలు గల సిద్ధబీజాల రూపంలో నేలలో దశాబ్దాల తరబడి బతుకుతుంది. ఒకసారి నేలలో చేరాక దాన్ని సంపూర్ణంగా తొలగించే మందు ఏదీ ఈనాటికి లేదు. లక్నోలోని కేంద్ర ఉపఉష్ణమండల ఉద్యాన సంస్థ, కర్నాల్‌లోని కేంద్ర లవణ మృత్తికల పరిశోధన సంస్థ కలిసి రూపొందించిన ట్రైకోడెర్మా ఆధారిత జీవ మిశ్రమం వంటివి నష్టాన్ని అదుపులో ఉంచడానికి ఆశాజనకంగా ఉన్నాయి. అవి తెగులుతో సహజీవనానికి సాధనాలే కాని, ముందు జాగ్రత్తకు ప్రత్యామ్నాయాలు కావు.

ఇక దారి సంగతి చూద్దాం. రావులపాలెం మార్కెట్టు నుంచి అరటి గెలలు లారీలలో ఒడిశా, పశ్చిమ బెంగాల్, బిహార్ తదితర రాష్ట్రాలకు వెళ్తాయి. ఆ లారీలు 16వ నంబరు జాతీయ రహదారిపై తుని, ఎలమంచిలి, అనకాపల్లి, విశాఖపట్నం మీదుగా సాగుతాయి. వెళ్లిన లారీ తిరిగి వస్తుంది. వెళ్లేటప్పుడు గెలలతో వెళ్లినది వచ్చేటప్పుడు ఏమి మోసుకు వస్తోంది? ఒత్తుకు వేసిన ఆకులు ఎక్కడ దులిపారు? చక్రాలకు ఏ ఊరి బురద అంటింది? ఎక్కడో తోటలో నచ్చిన నాలుగు పిలకలను ఎవరైనా క్యాబిన్‌లో వేసుకొచ్చారా? ఈ ప్రశ్నలను అడిగే వ్యవస్థ ఈ దారి పొడవునా లేదు. లారీ డ్రైవరును నేరస్థుడిగా చూడమని నా అభిప్రాయం కాదు. ఆయనకు ఈ విషయం ఎవరూ చెప్పలేదన్నదే నా ఆవేదన.

పూడిమడకకు చేరే దారులు

జాతీయ రహదారిపైన ఉన్న అనకాపల్లి నుంచి అచ్యుతాపురం మీదుగా ఒక రోడ్డు పూడిమడక సముద్ర తీరానికి పోతుంది. ఈ తీరప్రాంతపు ఇసుక నేలలలో కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు కనబడతాయి. ఇళ్ల పెరళ్లలో నాలుగైదు అరటి దుబ్బులు, రెండు మూడు కొబ్బరి చెట్లు ఉండడం సాధారణం. ఆ అరటికి, కొబ్బరికి సర్వే నంబర్ల లెక్క ఉండదు, తెగులు సర్వేలో చోటుండదు. కాని శిలీంధ్రానికి గాని, తెల్లదోమకు గాని పెరడు, తోట అన్న భేదం లేదు.

ఇటువంటి ఊరికి అరటి ఎలా వస్తుంది? పండుగా వస్తుంది, దానితో పెద్ద చిక్కు లేదు. ఆకుగా వస్తుంది. అంతకంటే ముఖ్యంగా మొక్కగా వస్తుంది. పెళ్లి పందిరికి, గృహప్రవేశానికి, జాతరకు గుమ్మానికి ఇరువైపులా అరటి చెట్లు కట్టడం మన ఆచారం. గెలతో, దుంపతో సహా తవ్వి తెచ్చిన చెట్లు శుభకార్యం ముగిసిన మరునాడు కాలువ గట్టునో, ఊరి చివరనో పడతాయి. వాటిలో బాగున్న పిలకను తీసి పెరట్లో పాతుకోవడం కూడా అరుదు కాదు. ఆచారాన్ని మానమని చెప్పడం సబబు కాదు, చెప్పినా ఎవరూ వినరు. దుంప లేకుండా కాండం వరకే కోసి తెమ్మని, వాడిన తరువాత నీటి వనరులలో పడవేయవద్దని, పందిరి పిలకను పాతవద్దని చెప్పవచ్చు. ఇది డబ్బు ఖర్చు లేని సలహా. మన కరపత్రాలలో ఇది ఎక్కడా కనబడదు.

రెండవ దారి పరిశ్రమల వెంట వస్తున్నది. అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి ఇప్పటికే ఈ ప్రాంత స్వరూపాన్ని మార్చింది. పూడిమడక వద్ద ఎన్.టి.పి.సి. హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఇంత పెద్ద నిర్మాణాలకు పర్యావరణ అనుమతులలో భాగంగా హరిత వలయం పెంచాలన్న నిబంధన సాధారణంగా ఉంటుంది. స్థలంలో మూడో వంతు పచ్చదనం అంటే వేలాది మొక్కలు బయటి నుంచి రావాలి. అవి వచ్చేది నర్సరీల నుంచి, వేళ్ల చుట్టూ మట్టి ముద్దతో సహా. పరిశ్రమ నుంచి వచ్చే వ్యర్థాలపై ఎన్నో పరీక్షలు ఉంటాయి. పరిశ్రమ కోసం వచ్చే మొక్కపై ఒక్క పరీక్ష కూడా ఉండదు.

ఇది ఊహాజనిత భయం కాదు. కొబ్బరిపై సర్పిలాకార తెల్లదోమ ఉదంతం మన కళ్ల ముందే జరిగింది. మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి 2004లో శాస్త్రీయంగా వర్ణింపబడిన ఈ పురుగు, 2009లో ఫ్లోరిడాలో కనబడి, 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి, కేరళలోని పాలక్కాడు ప్రాంతాలలో బయటపడింది. ఆ సంవత్సరాంతానికే మన కడియం నర్సరీ ప్రాంతంలో దాని ఉనికి నమోదైంది. నర్సరీకి చేరిన పురుగు అక్కడే ఉండదు. నర్సరీ ఎక్కడికి మొక్కలు పంపితే అక్కడికి అది పోతుంది. కొబ్బరితో పాటు అరటి, జామ, అలంకరణ పామ్ మొక్కలు దానికి ఆశ్రయాలే. తెల్లదోమ విసర్జించే తేనె వంటి జిగురుపై మసి తెగులు పెరిగి ఆకులు నల్లబడడం చూసి రైతులు తీవ్రమైన రసాయనాలకు దిగారు. దానితో పాటే మన తోటలకు చేరిన ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే పరాన్నజీవిని కాపాడుకోవడమే మేలని, ఐసేరియా శిలీంధ్రం వాడవచ్చని శాస్త్రవేత్తలు తరువాత చెప్పగలిగారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఈ విషయంలో చేసిన కృషి ప్రశంసనీయం. అయినా ప్రశ్న మిగిలే ఉంది. నర్సరీ గేటు దగ్గర ఒక మాసం పాటు కట్టుదిట్టం చేసి ఉంటే ఎన్ని మండలాలకు సమయం చిక్కి ఉండేది?

మనకు తెలిసిన విద్యే

నాటే పదార్థం ద్వారా తెగులు వ్యాపిస్తుందన్న జ్ఞానం అనకాపల్లి ప్రాంతానికి కొత్త కాదు. 1913 నుంచి ఇక్కడ చెరకు పరిశోధన జరుగుతున్నది. ఎర్రకుళ్లు సోకిన తోట నుంచి ముచ్చెలు తీయరాదని, గడ్డి దుబ్బు తెగులు నివారణకు విత్తన ముచ్చెలను వేడితో శుద్ధి చేయాలని, మూడంచెల పద్ధతిలో ఆరోగ్యవంతమైన విత్తనపు తోటలను పెంచుకోవాలని ఈ కేంద్రం తరతరాలుగా బోధిస్తోంది. అనకాపల్లి చెరకు రైతుకు మంచి ముచ్చె విలువ తెలుసు. అదే రైతు అరటి పిలకను మాత్రం పొరుగూరి నుంచి, మామిడి అంటును సంతలో బండి మీద నుంచి ఏ విచారణా లేకుండా తెచ్చుకుంటాడు. లోపం రైతు తెలివిలో లేదు. చెరకులో మనం కట్టిన వ్యవస్థను పండ్ల మొక్కలలో కట్టలేకపోయాం.

చట్టం లేదని సాకు చెప్పే అవకాశం కూడా మనకు లేదు. 1914 నాటి వినాశకర కీటకాలు, చీడల చట్టం రాష్ట్రాల మధ్య రవాణాను నియంత్రించే అధికారాన్ని కేంద్రానికి ఇస్తున్నది. అరటిలో వెర్రితల తెగులు, మొజాయిక్ తెగులు దేశీయ క్వారంటైన్ జాబితాలో దశాబ్దాలుగా ఉన్నాయి. దిగుమతుల కోసం 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ఉంది, విశాఖపట్నం రేవులో తనిఖీ కేంద్రం ఉంది. కణజాల వర్ధన మొక్కల కోసం కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో జాతీయ ధ్రువీకరణ విధానాన్ని ప్రవేశపెట్టింది. ఓడలో వచ్చే మొక్కను ఆపి చూసే మనిషి ఉన్నాడు. లారీలో వచ్చే మొక్కను ఆపి చూసే మనిషి లేడు.

చట్టం, రైతు సహకారం కలిస్తే ఏమి సాధ్యమో చరిత్రలో ఉదాహరణ ఉంది. వెర్రితల తెగులు వల్ల 1920లలో తూర్పు ఆస్ట్రేలియా అరటి పరిశ్రమ దాదాపు కూలిపోయింది. ఈ వైరస్ పిలకల ద్వారా, పేనుబంక ద్వారా వ్యాపిస్తుందని గుర్తించి, అనుమతి లేకుండా పిలకలు నాటరాదని, తోటలను క్రమం తప్పక తనిఖీ చేయాలని, సోకిన మొక్కలను వెంటనే నిర్మూలించాలని నిబంధనలు చేశారు. రైతులే వాటిని ముందుండి అమలుపరిచారు. పరిశ్రమ తిరిగి నిలబడింది. అప్పటికి వైరస్‌ను చూసే సాధనాలు గాని, నేటి అణు నిర్ధారణ పరీక్షలు గాని లేవు. ఉన్నది క్రమశిక్షణ ఒక్కటే.

వినవలసిన అభ్యంతరాలు

ఈ వాదనకు న్యాయమైన అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, అరటి త్వరగా చెడిపోయే సరుకు. తనిఖీ పేరుతో లారీని ఒక పూట ఆపితే నష్టం రైతుకే. ఈ మాట నిజం. అందుకే పండు రవాణాను ఆపమని నేను కోరడం లేదు. ఆపవలసినది, చూడవలసినది పిలకను, మట్టిని, ఆకు చెత్తను. పండును స్వేచ్ఛగా పోనిచ్చి, మొక్కను జాగ్రత్తగా చూడడమే సరైన విభజన. ఈ భేదం తెలియని అధికారి చేతిలో క్వారంటైన్ మరొక అవినీతి ద్వారంగా మారే ప్రమాదం ఉన్నది కనుక, భేదాన్ని బోధించే బాధ్యత విశ్వవిద్యాలయాలదే.

రెండవ అభ్యంతరం ఇంకా బలమైనది. తెగులు బయటపెట్టిన రైతుకు మనం ఇచ్చేది ఏమిటి? తోట మూసివేత, ఊరిలో అపవాదు, వ్యాపారి ముఖం చాటేయడం. అటువంటప్పుడు దాచిపెట్టడమే అతనికి తెలివైన పని అవుతుంది. క్వీన్స్‌లాండ్‌లో 2015లో తొలిసారి తెగులు నిర్ధారణ అయిన తోటను, మరుసటి సంవత్సరం అరటి సాగుదారుల సంఘం కొనుగోలు చేసి శాశ్వతంగా మూసివేసింది. ఒక రైతు నష్టం అందరి రక్షణకు మూల్యమని వారు లెక్క కట్టారు. మన పంటల బీమాలో గాలివానకు చోటుంది, కరవుకు చోటుంది. పొరుగువారి మేలు కోసం తన తోటను తొలగించుకున్న రైతుకు చోటు లేదు. ఈ ఏర్పాటు లేనంత కాలం మన నిఘా సర్వేలు కాగితాల మీదనే ఉంటాయి. నష్టపరిహారం రైతుపై దయ కాదు, తెగులు సమాచారానికి చెల్లించే ధర.

మూడవది, కణజాల వర్ధన మొక్కలు వచ్చాక ఈ బెంగ ఎందుకన్న వాదన. ప్రయోగశాల నుంచి వచ్చే మొక్కలో ఫ్యుసేరియం ఉండదు, నిజమే. వైరస్ పరీక్ష జరిగినదా అన్నది వేరే ప్రశ్న. ఆ మొక్కను రెండవ దశలో గట్టిపరచడానికి సంచులలో నింపే మట్టి ఎక్కడిది? పాత అరటి తోటలోదైతే ప్రయోగశాల శ్రమ అంతా ఆ సంచిలోనే పోయింది. శుభ్రమైన మొక్కను తెగులు నేలలో నాటినా ఫలితం అదే.

చేయగల పనులు

ఇవి పెద్ద నిధులు అడిగే పనులు కావు. మొదట, మన ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు పొలాలతో పాటు మార్కెట్టు యార్డులను, నర్సరీలను, లారీ యూనియన్లను కూడా తమ సందర్శన పట్టికలో చేర్చుకోవాలి. నెలకొక రోజు యార్డులో గడిపితే ఏ పండు ఎక్కడి నుంచి వస్తోందో, ఏ రకం పిలకలకు గిరాకీ ఏర్పడుతోందో తెలుస్తుంది. ధర పట్టికను తెగులు హెచ్చరికగా చదవడం మనం నేర్చుకోవాలి.

రెండవది, రైతు సేవా కేంద్రాల సిబ్బందికి ఒక్క గుర్తును తప్పక నేర్పాలి. అమృతపాణిలో ఎండు తెగులు కనబడితే అది పాత రేస్ 1 కావచ్చు. గ్రాండ్ నైన్ లేదా వామనకేళిలో ముదురు ఆకులు అంచుల నుంచి పసుపుబారి, కాడ దగ్గర విరిగి కాండం చుట్టూ పావడాలా వేలాడి, కాండం చీలి, కోసి చూస్తే నాళాలు ఎరుపు గోధుమ రంగులో ఉంటే అది ప్రమాద ఘంటిక. అటువంటి చెట్టును పెకలించి ఈడ్చుకు పోరాదు, కాలువలో వేయరాదు. చుట్టూ తాడు కట్టి, నీరు పొరుగు తోటకు పారకుండా కట్ట వేసి, శాస్త్రవేత్తకు కబురు చేయాలి. నమూనా పరీక్షకు తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రం ఉంది. పరిశీలనకు వెళ్లిన మనమే చెప్పులకు మట్టి అంటించుకుని మరో తోటలో అడుగుపెట్టరాదు. బురద ఉన్న చోట బ్లీచింగ్ ద్రావణం త్వరగా శక్తి కోల్పోతుంది కనుక ముందు మట్టిని కడిగి, ఆ తరువాత క్రిమిసంహారక ద్రావణం వాడాలి.

మూడవది, హరిత వలయాల కోసం మొక్కలు కొనే పరిశ్రమలు, పంచాయతీలు తమ టెండరు నిబంధనలలో ఉద్యాన శాఖ తనిఖీ పత్రాన్ని చేర్చాలి. పూడిమడక, అచ్యుతాపురం, రాంబిల్లి తీరంలో దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టవచ్చు. వచ్చిన మొక్కలను కొబ్బరి తోటలకు దూరంగా మూడు వారాలు ఉంచి, ఆకుల అడుగు భాగాన్ని పరిశీలించిన తరువాతే నాటాలి.

నాలుగవది విద్యార్థులకు. స్నాతకోత్తర పరిశోధనలలో మందుల పోలిక ప్రయోగాలు మనకు తగినన్ని ఉన్నాయి. ఒక మార్కెట్టు నుంచి పిలకలు ఎన్ని మండలాలకు పోతున్నాయి, యార్డు చెత్త ఎక్కడ చేరుతోంది, నర్సరీ మట్టి ఏ పొలాలది అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పే సిద్ధాంత వ్యాసాలు కావాలి. వీటికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక పుస్తకం, ఒక పటం, యార్డులో తెల్లవారుజామున నిలబడే ఓపిక చాలు. విస్తరణ విద్య, సస్య విజ్ఞానం, తెగుళ్ల శాస్త్రం, వ్యవసాయ ఆర్థిక శాస్త్రం విభాగాలు ఉమ్మడిగా మార్గదర్శనం చేస్తేనే ఇటువంటి పని సాధ్యం.

ట్రాపికల్ రేస్ 4 మన రాష్ట్రపు అరటి తోటలను ఎప్పుడు పరీక్షిస్తుందో ఎవరమూ తేదీ చెప్పలేం. అది వచ్చే మార్గాలు మాత్రం మనకు తెలుసు. జాతీయ రహదారి తెలుసు, నర్సరీ సంచి తెలుసు, పందిరి గుమ్మానికి కట్టిన దుంప తెలుసు. పూడిమడక పెరటిలోని నాలుగు అరటి దుబ్బులకు మనం రక్షణ కల్పించగలిగితే, గోదావరి లంకలకు, కడప, అనంతపురం జిల్లాల గ్రాండ్ నైన్ తోటలకు కూడా అదే రక్షణ అందుతుంది. రాబోయే ఖరీఫ్ విస్తరణ కార్యక్రమాలను రూపొందించే ముందు ప్రతి పరిశోధన స్థానమూ తన పరిధిలోని మార్కెట్టు యార్డుల, నర్సరీల జాబితాను ఒకసారి దగ్గర పెట్టుకోవాలని, ఆ జాబితాలో ఎన్ని చోట్లకు మన శాస్త్రవేత్తలు ఒక్కసారైనా వెళ్లారో లెక్క చూసుకోవాలని నా విన్నపం.